వేలంలో ముందు ఎవుణ్ణి కొనాలి: కూతగాణ్ణా, కార్నర్ కాడ నిలబడేవోణ్ణా?

ప్రో కబడ్డీ వేలం జరిగే రోజుల్లో మన పల్నాడు కుర్రోళ్ళ ఫోన్లలో ఒకటే మాట. ఈసారి టైటాన్స్ ఏ రైడర్ని కొన్నది, ఎంతకి కొన్నది? ఎడమ కార్నర్‌కి ఎవుణ్ణి తెచ్చారని అడిగినోడు నాకు ఒక్కడూ తగల్లా. తెలుగు టైటాన్స్ అన్నేళ్ళు దెబ్బలు తినటంలోనూ, నరసరావుపేట, మాచర్ల, గురజాల పిల్లలు జిల్లా జట్టు కాడే ఆగిపోవటంలోనూ ఈ అడగకపోవటానికి వాటా ఉంది. అందుకని వేలం ఎట్టా నడిచిద్ది, ఏ స్థానానికి ముందు డబ్బు పెట్టాలి అనేది మొదట్నించీ చెప్పుకుందాం.

అమెరికావోళ్ళ ఫుట్‌బాల్ లీగ్‌లో కొత్త కుర్రోళ్ళని వేలం వెయ్యరు. 1936 నించీ డ్రాఫ్ట్ అనే పద్ధతి నడుస్తా ఉంది. కాలేజీల నించి వచ్చేవోళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, కిందటేడు అందరికన్నా అడుగున పడ్డ జట్టుకి మొదటి వంతు. మన కబడ్డీలో ఆ కనికరం లేదు. గెలిచినోడికీ ఓడినోడికీ సంచిలో ఒకటే డబ్బు, 5 కోట్లు. అట్టిపెట్టుకున్న పాతోళ్ళ జీతాలూ, కొత్తగా పాడుకున్నోళ్ళ జీతాలూ అందులోనే సర్దుకోవాలి. జట్టులో 18 మందికి తగ్గకూడదు, 25 మందికి మించకూడదు. ఆటగాళ్ళని ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేస్తారు. ఎ తరగతి పాట 30 లక్షల కాడ మొదలయిద్ది, డి తరగతి 9 లక్షల కాడ. వేలానికి వదిలేసిన మనోణ్ణి వేరేవోళ్ళు పాడుకుంటే, ఆఖరి పాట ఎంతో అంత మేమే ఇస్తామని ఒక కార్డు చూపించి వెనక్కి తెచ్చుకునే వీలు కూడా ఉంది.

ఇక ఆటలో ఎవరు యాడ నిలబడతారో చూద్దాం. మ్యాట్ మీద ఏడుగురు. రెండు చివర్లా ఎడమ కార్నర్, కుడి కార్నర్. వాళ్ళ పక్కన ఎడమ ఇన్, కుడి ఇన్. ఆ తర్వాత రెండు కవర్లు, నడిమధ్యన సెంటర్. మామూలుగా కార్నర్లూ కవర్లూ కలిపి నలుగురు పట్టేవోళ్ళు. ఇన్లూ సెంటరూ కూతకెళ్ళేవోళ్ళు. కార్నర్ పని కాలు దొరకబుచ్చుకోవటం, మడమ పట్టటం, తొడ పట్టటం. కవర్ పని కూతగాడు కార్నర్ మీదకి వాలినప్పుడు పక్కనించి గుద్ది గీత అవతలికి నెట్టటం, లేకపోతే తిరిగిపోయే దారి మూసెయ్యటం. కార్నర్ పట్టు వేసిన అరక్షణంలో కవర్ రాకపోతే ఇద్దరూ చచ్చినట్టే.

ఇప్పుడు అసలు కిటుకు. మనిషి ఔటయితే బయట కూర్చోవాలి. వాడు లేవాలంటే మనోళ్ళు పాయింట్ తేవాలి, పాయింటుకి ఒకడు లేస్తాడు. రెండున్నర కోట్ల కూతగాడైనా పట్టుబడ్డాడంటే బెంచీ మీదే. అప్పుడు వాణ్ణి లేపేది ఎవరు? రెండో కూతగాడు ఒక టచ్ తేవాలి, లేదంటే మన డిఫెన్సు అవతలివోణ్ణి పట్టాలి. ఈ రెండూ లేని జట్టులో పెద్ద కూతగాడు 40 నిమిషాల ఆటలో సగం బయట కూర్చునే గడుపుతాడు. ఈలోపు లోపల జనం తగ్గిపోయి ఆలౌట్ అయిద్ది, అవతలోళ్ళకి రెండు పాయింట్లు ఉత్తినే పోతాయి. పైగా ఆరుగురన్నా ఉంటేనే కూతగాడికి బోనస్ గీత పనిచేసిద్ది. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పడితే ఒక పాయింట్ ఎక్కువ, దాన్ని సూపర్ టాకిల్ అంటారు. ఓడే ఆటని నిలబెట్టేది చాలాసార్లు ఈ సూపర్ టాకిలే, దాని లెక్క మాత్రం ఎవరూ చెప్పుకోరు.

రేట్లు ఎట్టా పెరిగాయో కూడా చూడండి. 2014లో మొదటి వేలంలో అందరికన్నా ఎక్కువ పలికింది రాకేష్ కుమార్, 12.80 లక్షలు. 2018కి ఆరుగురు కోటి మెట్టు ఎక్కారు. ఆ ఆరుగురిలో అచ్చంగా కార్నర్ ఆడేవోడు ఇరాన్ నించి వచ్చిన ఫజల్ అత్రాచలి ఒక్కడే. 2021లో పర్దీప్ నర్వాల్‌ని యూపీ యోధా 1.65 కోట్లకి పాడుకుంది. 2022లో పవన్ సెహ్రావత్‌ని తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకి, 2023లో అదే పవన్‌ని మన టైటాన్స్ 2.605 కోట్లకి. సంచిలో ఉన్నది 5 కోట్లయితే సగానికి పైన ఒక్కడికే. మిగిలిన దాన్ని 17 మందికి పంచితే తలకి 14 లక్షలు వచ్చిద్ది. ఆ సీజన్లో 22 ఆటలు ఆడితే టైటాన్స్ గెలిచింది రెండు. పవన్‌ని తిట్టటానికి ఏమీ లేదు, వాడి ఆట వాడు ఆడాడు. వాడు బయట కూర్చున్నప్పుడు లేపే నాథుడు లేడు, అదే తగాదా.

అంతకుముందు ఏడాది తలైవాస్ సంగతి ఇంకా విచిత్రం. 2.26 కోట్లు పెట్టి తెచ్చుకున్న పవన్ మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. ఇక వీళ్ళ పని అయిపోయిందనుకున్నారంతా. నరేందర్ అనే కొత్త కుర్రోడు కూతకెళ్ళాడు, కార్నర్లలో సాగర్, సాహిల్ గులియా ఉన్నారు. ఆ జట్టు తన చరిత్రలో మొదటిసారి సెమీస్‌కి పోయింది! పర్దీప్ వెళ్ళిపోయిన పట్నా కూడా అంతే. 2021-22లో పట్టికలో మొదటి స్థానాన నిలిచి, ఫైనల్లో ఢిల్లీ చేతిలో 37-36తో, ఒక్క పాయింట్‌తో ఓడింది. ఆ ఏడు వాళ్ళ ఎడమ కార్నర్‌లో మహమ్మద్‌రెజా షాద్లూయి అనే ఇరాన్ కుర్రోడు 89 టాకిల్ పాయింట్లు తెచ్చి సీజన్లో అందరికన్నా మొదటి డిఫెండర్ అయ్యాడు.

ఈ షాద్లూయి వెనకాలే నడిస్తే వేలం పాఠం మొత్తం తెలిసిద్ది. 2022 ఫైనల్లో పుణేరి పల్టన్ జైపూర్ చేతిలో ఓడింది. అస్లాం ఇనామ్‌దార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే లాంటి కుర్ర కూతగాళ్ళు వాళ్ళకి ఉండనే ఉన్నారు. వాళ్ళ ఎడమ కార్నర్ ఫజల్, అతన్ని వదులుకున్నారు. అంటే ఖాళీ ఒకటే, ఎడమ కార్నర్. 2023 వేలంలో సంచిలో సగానికి దగ్గరగా, 2.35 కోట్లు ఆ ఖాళీ మీదే పెట్టి షాద్లూయిని కొన్నారు. 2024 మార్చి 1న మన హైదరాబాద్‌లోనే హర్యానా స్టీలర్స్‌ని 28-25తో ఓడించి కప్పు తీసుకుపోయారు. ఆ తర్వాత వేలంలో అతన్ని 2.07 కోట్లకి హర్యానా పాడుకుంది, ఆ ఏడు కప్పు హర్యానాది. పుణె ప్లేఆఫ్స్‌కి కూడా రాలా. అస్లాం గాయపడ్డ మాట నిజమే, కాని కార్నర్ ఖాళీ అయిన మాటా నిజమే.

టైటాన్సూ పుణే ఇద్దరూ ఒకే వేలంలో ఇంచుమించు ఒకే డబ్బు ఒక్కొక్క మనిషి మీద పెట్టారు. ఒకరు చిరుగు యాడ ఉందో చూసి అతుకు వేశారు. ఇంకొకరు చిరుగుల చొక్కా మీద జరీ కండువా కప్పారు.

అట్టయితే డిఫెండర్లనే కొంటే సరిపోయిద్దా అంటే, అదీ కాదు. దీనికి టైటాన్సే సాక్ష్యం. 2022లో పర్వేష్ భైంస్వాల్, విశాల్ భరద్వాజ్, సుర్జీత్ సింగ్, రవీందర్ పహల్ అని పేరుమోసిన పట్టుగాళ్ళందర్నీ పోగేశారు. 22 ఆటల్లో గెలుపులు ఆ ఏడూ రెండే. షాద్లూయిని 2025లో గుజరాత్ 2.23 కోట్లకి తీసుకుంది, ప్లేఆఫ్స్ గడప తొక్కలా. అదే వేలంలో బెంగాల్ దేవాంక్ దలాల్‌ని 2.205 కోట్లకి కొన్నది. కిందటి సీజన్లో పట్నాకి 301 రైడ్ పాయింట్లు తెచ్చిన కూతగాడు వాడు. బెంగాల్ కూడా ప్లేఆఫ్స్‌కి రాలా.

మన పల్నాడోళ్ళకి ఈ ముక్క ఎవరూ నేర్పక్కర్లా. బండలాగుడికి ఎడ్లని కొనేవోడు ఒక ఎద్దుని చూసి కొంటాడా? జత చూస్తాడు. ఎత్తు కలవాలి, అడుగు కలవాలి, అదిలిస్తే రెండూ ఒకసారి కదలాలి. ఎంత బలమైన ఎద్దయినా పక్కది వెనక పడితే కాడి ఒరిగి మెడ పుండు పడిద్ది. కార్నరూ కవరూ అట్టాంటి జతే. నాలుగు ఊళ్ళ నించి నాలుగు గొప్ప ఎడ్లని తెచ్చి ఒక బండకి కడితే అవి నాలుగు వైపులకి లాగుతాయి. 2022 టైటాన్స్ అదే.

నన్నడిగితే వరస ఇట్టా పెట్టుకోవాలి. ముందు లేనిదాని జోలికి పోకుండా ఉన్నదాన్ని లెక్కెయ్యాలి. కిందటేడు కలిసి ఆడిన కార్నర్-కవర్ జత ఒక్కటి బాగున్నా, ఎంతయినా పెట్టి దాన్ని విడిపోకుండా అట్టిపెట్టుకోవాలి. జత లేకపోతే పెద్ద డబ్బు కార్నర్‌కే పోవాలి. ఆ తర్వాత రెండో కూతగాడు. మొదటోడి కన్నా ముందు రెండోడు ఏందిరా అంటారేమో. రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే ఔటే. ఆ కూతకి పొయ్యే గుండె ఉన్నోడు, మొదటోడు కుడివైపు ఆడితే తాను ఎడమవైపు ఆడగలిగినోడు, అందుబాటు రేటుకి దొరుకుతాడు. మొదటి కూతగాణ్ణి ఎక్కువభాగం కుర్రోళ్ళలోంచే తయారు చేసుకోవచ్చు. నరేందర్, దేవాంక్ ఇద్దరూ పెద్ద రేటుతో మొదలైనోళ్ళు కారు, ఆడాక రేటు వచ్చింది. కవర్లకి డబ్బు కన్నా ఒకే కోచ్ కింద రెండేళ్ళ సాధన కావాలి. ఇక సెంటర్‌లో పట్టూ కూతా రెండూ తెలిసినోడు దొరికితే అదృష్టం, దాని కోసం సంచి చించుకోనక్కర్లా.

2025లో టైటాన్స్ ఈ దారికి కొంచెం దగ్గరకొచ్చింది. పవన్ తలైవాస్‌కి 60 లక్షల లోపుకే పోయాడు, రేటు ఎంత చప్పున దిగిద్దో చూడండి. విజయ్ మలిక్ కెప్టెన్, భరత్ ఆల్‌రౌండర్, ఒక్కడి మీదే ఆధారపడని జట్టు. క్వాలిఫయర్-2 దాకా పోయి పుణె చేతిలో ఓడింది. ఏడాదికి రెండు ఆటలు గెలిచిన జట్టుకి అది చిన్న సంగతి కాదు.

ఇదంతా ఈ పేజీలో ఎందుకంటే, వేలంలో మన పిల్లలు లేరు గనక. పేరుకి తెలుగు టైటాన్స్, హర్యానా యాస వినపడినంతగా మన యాస వినపడదు. సంక్రాంతికి మన ఊళ్ళల్లో పందేలు పెడతారు గదా, ఏ ఊరి జట్టయినా బయట్నించి డబ్బిచ్చి తెచ్చుకునేది కూతగాణ్ణే. ఊరి పిల్లల్ని చివర్లలో నిలబెడతారు, 'కాళ్ళు పట్టుకోరా' అని. బహుమతి కూతగాడికి, మోకాలి చిప్ప పోయేది కార్నరోడికి. దాంతో పదమూడేళ్ళ పిల్లోడు కూడా కూతే నేర్చుకుంటానంటాడు. సెలక్షన్ల కాడ వందమంది వస్తే ఎనభై మంది కూతగాళ్ళమే అంటారు. అందులో ఇద్దరికే చోటు. జట్టుకి నలుగురు పట్టేవోళ్ళు కావాల్సిన ఆటలో మన పిల్లలు తక్కువ ఖాళీలున్న వైపు వరస కడతన్నారు.

ఇంకో చిక్కు మట్టి. మట్టిలో కాలు జారిద్ది, ఆ జారుడు లెక్కతో పట్టు నేర్చుకున్నోడు మ్యాట్ ఎక్కితే తడబడతాడు. మ్యాట్ మీద కూతగాడి బూటు పట్టేసిద్ది, తిరుగుడు వేగం వేరు, మడమ దొరికే క్షణం వేరు. డాష్ కొట్టటం మట్టిలో నేర్పితే భుజాలు పోతాయని కోచ్‌లే నేర్పరు. 2023 డిసెంబర్ 26న గుంటూరు దగ్గర నల్లపాడులో మొదలెట్టిన 'ఆడుదాం ఆంధ్రా'లో కబడ్డీ కూడా పెట్టారు, పోటీలయ్యాయి, బహుమతులిచ్చారు. పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. పోటీ పెట్టటం వేరు, మండలానికి ఒక మ్యాట్ పరిచి దాని మీద రోజూ సాయంత్రం ఇద్దరు కార్నర్లనీ ఇద్దరు కవర్లనీ కలిపి ఆడించటం వేరు.

ఆడపిల్లల మాటయితే ఇంకా పల్చన. 2016లో ప్రో కబడ్డీవోళ్ళు మూడు జట్లతో ఒకసారి మహిళల పోటీ పెట్టారు, మళ్ళీ ఎత్తలా. వాళ్ళకి వేలమే లేదు, ఇక స్థానం గురించి ఏం మాట్లాడతాం.

జిల్లా సెలక్షన్లు పెట్టేవోళ్ళకి ఒక మాట. పిల్లల్ని వరసగా కూతకి పంపి టచ్‌లు లెక్కపెట్టి జట్టు రాసెయ్యమాకండి. ముగ్గుర్నే లోపల నిలబెట్టి, అవతల మంచి కూతగాణ్ణి పది సార్లు పంపండి. ఎవరు ముందే దూకి చచ్చారో, ఎవరు ఆగి పట్టారో, పట్టినప్పుడు పక్కోడు ఎంతలో వచ్చాడో కాగితం మీద రాయండి. జతగా పట్టినోళ్ళని జతగానే తీసుకోండి. ఒకణ్ణి మాచర్ల కోటాలో, ఇంకొకణ్ణి గురజాల కోటాలో అని విడగొట్టమాకండి.