పదో తరగతి దాటినాక: ప్రొద్దుటూరు పిల్లల కాలేజీ దారి

బడి చరిత్ర రాయమంటే మనం సాధారణంగా కట్టిన భవనాలు, ప్రధానోపాధ్యాయుల వరుస, ఏటేటా వచ్చిన ఉత్తీర్ణత రాసుకుంటాం. పదో తరగతి అయిపోయిన పిల్లవాడు టి.సి. చేతబట్టుకుని ఎటు పోయాడు, దారి ఎవరు చెప్పారు అన్నది మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. టి.సి. ఇచ్చిన తేదీతో బడి లెక్క ముగిసిపోతుంది. పూర్వ విద్యార్థుల సంఘం పని సరిగ్గా అక్కడే మొదలవుతుంది కనుక, స్వర్ణోత్సవ సంచికలో ఆ రాయని చరిత్రను కొంతైనా చెప్పుకోవడం సబబు. మన సంఘానికి ముందున్న కాలంతో మొదలుపెడితేనే ఈ యాభై ఏళ్లలో ఏం మారిందో తెలుస్తుంది.

కాలేజీ అంటే దూరం

మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో హైస్కూలు చదువు ఆరో ఫారంతో, అంటే ఇప్పటి లెక్కలో పదకొండో తరగతితో, పూర్తయ్యేది. చివర ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష. అది దాటితే రెండేళ్ల ఇంటర్మీడియట్, ఆపైన బి.ఏ. ఈ రెండూ కాలేజీలోనే చదవాలి. కాలేజీలేమో దత్తమండలాల్లో వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని. మదనపల్లెలో 1915లో అనిబిసెంట్ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల, అనంతపురంలో 1916లో మొదలైన దత్తమండల కళాశాల వాటిలో ముఖ్యమైనవి. అనిబిసెంట్ పేరు మన ఊరి మునిసిపల్ హైస్కూలుకూ ఉంది గానీ, ఆమె పెట్టిన కాలేజీకి పోవాలంటే మాత్రం మన పిల్లవాడు పెట్టె, పరుపుచుట్ట సర్దుకుని ఎర్రగుంట్లకు పోయి రైలెక్కాల్సిందే. అనంతపురం పోవాలన్నా ఎర్రగుంట్లలో ఎక్కి గుత్తిలో బండి మారాలి. మన ఊరికంటూ ఒక రైల్వేస్టేషను వచ్చి ప్రయాణికుల బండి ఆగింది 2016లో. అంటే ఎన్నో తరాల విద్యార్థులకు చదువు ప్రయాణం ఎర్రగుంట్ల ప్లాట్‌ఫారం మీదే మొదలైంది.

ఇంత దూరం పోగలిగినవాళ్లు కొద్దిమంది. మిగిలినవాళ్లకు హైస్కూలే ఆఖరి మెట్టు. అందుకేనేమో ఆనాటి హైస్కూళ్లలో పాఠం చెప్పినవాళ్లు ఏ కాలేజీకైనా తగినవాళ్లు. ‘శ్రీ శివభారతం’ రాసిన గడియారం వేంకటశేషశాస్త్రి మన మునిసిపల్ హైస్కూలులో తెలుగు పండితులు. పుట్టపర్తి నారాయణాచార్యుల ‘శివతాండవం’ ఈ ఊళ్లోనే, అగస్త్యేశ్వరాలయంలో రూపుదిద్దుకుంది. తాను రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ పాఠ్యగ్రంథంగా ఉన్న విద్వాన్ పరీక్షకు పుట్టపర్తివారే అభ్యర్థిగా కూర్చోవలసి వచ్చిందన్న సంగతి మన జిల్లాలో అందరికీ తెలిసిందే. ఎంత పండితుడికైనా ఉద్యోగానికో పై మెట్టుకో ఒక కాగితం కావాలని ఆ సంగతి చెబుతుంది. మన కథంతా ఆ కాగితం చుట్టూ తిరిగేదే.

దూరం తగ్గించాలన్న కోరిక రాజకీయాల్లోకీ వచ్చింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమవాసులు అడిగినవాటిలో నీళ్లతోపాటు అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కూడా ఉంది. 1946లో అనంతపురానికని ఇంజనీరింగు కళాశాల మంజూరైంది. మొదట మద్రాసు గిండీలో తరగతులు జరిపి, రెండేళ్లకు అనంతపురం చేరింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, 1954 సెప్టెంబరు 2న తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. కడప జిల్లా పిల్లలకు ‘యూనివర్సిటీ’ అంటే తిరుపతి అని స్థిరపడింది అప్పటినుంచే. ఆడపిల్లలకు తిరుపతిలో 1952లోనే పద్మావతి మహిళా కళాశాల తెరిచారు. తల్లిదండ్రులు కూతురిని ఊరు దాటించి చదివించడానికి ఒప్పుకున్నారంటే, స్వామి ఉన్న ఊరు, ఆడపిల్లల హాస్టలు అన్న రెండు ధైర్యాలూ అందుకు కారణం.

భాష అనే గడప

దూరం కొంత తగ్గేసరికి ఇంకో ఇబ్బంది బయటపడింది. 1950ల రెండో సగంలో పాత ఇంటర్మీడియట్ స్థానంలో ఒక ఏడాది పి.యు.సి. వచ్చింది. హైస్కూలంతా తెలుగులో చదివినవాడు పి.యు.సి.లో అడుగుపెట్టగానే భౌతికశాస్త్రం, గణితం అన్నీ ఇంగ్లీషులో వినాలి. ఆ మాటలు చెవికి అలవాటు పడేలోపలే ఏడాది గడిచి పరీక్ష వచ్చేది. లెక్కల్లో దిట్ట అనిపించుకున్న పిల్లలు కూడా పి.యు.సి. తప్పి ఊరికి తిరిగొచ్చి అంగట్లోనో, మగ్గం మీదనో, బంగారు పనిలోనో కుదురుకున్న ఇళ్లు మన చుట్టుపక్కల ఎన్నో. ప్రొద్దుటూరు వ్యాపారం పిల్లవాణ్ణి ఆకలికి వదలదు. అయితే పదో తరగతి తర్వాత వాణ్ణి తన వైపు లాగేదీ ఆ వ్యాపారమే.

ఈ గడపను తగ్గించింది 1968, 1969 సంవత్సరాలు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. అప్పటి విద్యామంత్రి పి.వి.నరసింహారావు దానికి తొలి అధ్యక్షులు. ఇంటరు, డిగ్రీ పుస్తకాలు తెలుగులో రావడం దాంతో మొదలైంది. 1969-70 నుంచి రాష్ట్రంలో పదేళ్ల బడి, రెండేళ్ల ఇంటరు, మూడేళ్ల డిగ్రీ పద్ధతి అమలైంది. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు వచ్చింది. పదకొండో తరగతి పోయి పదో తరగతి ‘పెద్ద పరీక్ష’ అయింది. అంతకంటే ముఖ్యంగా, కాలేజీ చదువు మొదటి రెండేళ్లు ఊరి దగ్గరికి వచ్చాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల పిల్లలు బస్సులోనో సైకిలు మీదనో పోయి ఇంటరు చదువుకోగలిగారు.

అయితే ఒక నిర్ణయం రెండేళ్లు ముందుకు జరిగింది. పదిహేనేళ్ల వయసులోనే ఎం.పి.సి.యా, బై.పి.సి.యా, సి.ఇ.సి.యా తేల్చుకోవాలి. అప్పుడు ఎంచుకున్న గ్రూపును బట్టి పైన ఏ తలుపులు తెరుచుకుంటాయో, ఏవి మూసుకుంటాయో తేలిపోతుంది. చాలా ఇళ్లలో ఆ మాట చెప్పగలిగింది అయివారు ఒక్కరే.

స్టడీ సర్టిఫికెట్ల కాలం

మన సంఘం పుట్టిన కాలానికి ఇంకో పెద్ద మార్పు వచ్చింది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, దాన్ననుసరించి రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. రాష్ట్రం మూడు స్థానిక ప్రాంతాలైంది. కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ఎస్.వి. యూనివర్సిటీ ప్రాంతం. ఆ ప్రాంతపు కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులకే.

స్థానికుడని రుజువు చేసేది బడి కాగితమే. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. అలా లేకపోతే ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి, అందులో ఎక్కువ కాలం ఇక్కడ గడిపి ఉండాలి. ఈ రెండో నియమమే మన పిల్లలకు పెద్ద ఆసరా. ఆరు నుంచి పది వరకు ప్రొద్దుటూరులో చదివి, ఇంటరు మాత్రం విజయవాడలో చదివిన పిల్లవాడు ఏడేళ్లలో అయిదేళ్లు ఇక్కడే ఉన్నాడు కనుక ఇక్కడి స్థానికుడే. అదే ఇంటరు బళ్లారిలోనో బెంగళూరులోనో చదివితే లెక్క తప్పుతుంది. బంధువుల ఇంట్లో తిండికి కరువుండదని పక్క రాష్ట్రానికి పంపేముందు ఈ సంగతి తల్లిదండ్రులకు ఎవరు చెప్పాలి? కరువుకో, కక్షలకో భయపడి పిల్లల్ని దూరం పంపిన కుటుంబాలు మూడు తాలూకాల్లోనూ ఉన్నాయి కనుక ఇది మనకు ఊరికే వచ్చిన ప్రశ్న కాదు.

అప్పటినుంచి బడి గుమాస్తా బల్ల, విద్యార్థి భవిష్యత్తు ఒకదానికొకటి ముడిపడ్డాయి. పదో తరగతి నామినల్ రోల్స్‌లో రాసిన పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ జీవితాంతం వెంట వస్తాయి. ఒక అక్షరం తేడా ఉన్నా ఇంటరులో, ప్రవేశాల్లో, పాస్‌పోర్టులో మళ్లీ మళ్లీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ రోల్స్ పంపేముందు ఒక్కో పిల్లవాణ్ణి పిలిచి, పేరు చదివించి, సంతకం పెట్టించుకున్న ఉపాధ్యాయులు చేసిన మేలు ఏ శాతాల్లోనూ కనబడదు.

ఎంసెట్ నుంచి ఇడుపులపాయ దాకా

1983లో క్యాపిటేషన్ ఫీజులను నిషేధిస్తూ రాష్ట్రం చట్టం చేసింది. 1986లో ఎంసెట్ మొదలైంది. ఇంజనీరింగు, వ్యవసాయం, వైద్యం మూడింటికీ ఒకే ప్రవేశ పరీక్ష. బోర్డు పరీక్షలో బాగా రాసినా ఇక చాలదు. తక్కువ సమయంలో ఎక్కువ ప్రశ్నలకు గురిచూసి జవాబివ్వడం వేరే విద్య. దాన్ని నేర్పే కోచింగులు నెల్లూరు, గుంటూరు, విజయవాడల్లో పెరిగాయి. డబ్బున్న ఇళ్ల పిల్లలు అక్కడికి పోయారు. మిగతావాళ్లకు సీనియర్లు వాడి ఇచ్చిన పాత పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలే కోచింగు. ఒకే పుస్తకం నలుగురి చేతులు మారి, అంచులు నలిగి, జవాబులు పెన్సిలుతో గుర్తుపెట్టి ఉండేది. ఆ పుస్తకాల చేతిమార్పిడే, పేరు పెట్టకుండా జరిగిన తొలి పూర్వ విద్యార్థుల సేవ అనుకోవచ్చు.

సీటు వచ్చినా డబ్బు సంగతి ఉండనే ఉంది. మన దగ్గర ప్రవేశాలు జరిగేది జూన్, జూలైలలో. వేరుసెనగ విత్తనాలు కొనాల్సిందీ అప్పుడే. ఇంట్లో ఉన్న డబ్బు చేనికా, ఫీజుకా అన్నది చాలా ఏళ్లు తేలని పంచాయితీ. 2008 ప్రాంతంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ పంచాయితీని చాలా ఇళ్లలో తీర్చింది.

ఆ పథకం తెచ్చిన డాక్టర్ వై.ఎస్.రాజశేఖరరెడ్డి పులివెందులవారు. ఆయన స్వయంగా ఎం.బి.బి.ఎస్. చదవడానికి గుల్బర్గా పోయారు. తిరుపతిలో హౌస్ సర్జన్ చేసి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేశారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే 2006లో కడపలో రిమ్స్, యోగివేమన విశ్వవిద్యాలయం, పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల, 2008లో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వచ్చాయి. గుల్బర్గాకో తిరుపతికో పోవలసిన చదువు అప్పటికి జిల్లాలోకి వచ్చింది.

ట్రిపుల్ ఐటీ మన హైస్కూళ్లకు తెచ్చిన మార్పు ప్రత్యేకం. ప్రవేశ పరీక్ష లేదు, కోచింగు అక్కర్లేదు. పదో తరగతి ప్రతిభ ఆధారంగా ఆరేళ్ల చదువు. పైగా ప్రభుత్వ బడిలో చదివినవారికి కొంత అదనపు వెయిటేజీ. మునిసిపల్ బడి, జిల్లా పరిషత్ బడి పిల్లలకు పదో తరగతి మార్కులు నేరుగా ఇంజనీరింగు సీటుగా మారడం అదే మొదలు. కరోనాతో పదో తరగతి పరీక్షలు రద్దయిన 2020, 2021లలో మాత్రం దానికీ ప్రవేశ పరీక్ష పెట్టాల్సి వచ్చింది.

తెర మీది తలుపు

ఇప్పుడు దూరం లేదు, కాలేజీలకు కొరత లేదు. 2017 నుంచి వైద్యానికి నీట్, 2021 నుంచి ఎంసెట్ పేరు ఈఏపీసెట్. 2020 నుంచి మామూలు బి.ఏ., బి.కాం. సీటుకు కూడా ఆన్‌లైనులోనే దరఖాస్తు. ఒకప్పుడు పిల్లవాడు తండ్రితో కలిసి కాలేజీకి పోయి, ప్రిన్సిపాలుకు నమస్కారం పెట్టి, సందేహం అడిగి చేరేవాడు. ఇప్పుడు నెట్ సెంటరులో వరుస కట్టి, తన వంతు రాగానే ఎవరో చెప్పిన కాలేజీలను గబగబా నొక్కిస్తున్నాడు.

వెబ్ ఆప్షన్ల లెక్క ఒక్క మాటలో చెప్పవచ్చు. మన ర్యాంకుకు మనం పెట్టిన వరుసలో మొదట ఏది అందితే అదే ఇస్తారు. ‘వస్తుందో రాదో’ అని ఇష్టమైన కాలేజీని కిందికి, సులువుగా వచ్చేదాన్ని పైకి పెడితే, ఇష్టమైనది అందే ర్యాంకున్నా సులువైనదే చేతికి వస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక నష్టపోవడానికీ తెలివితేటలకూ సంబంధం లేదు. చెప్పేవాళ్లు పక్కన లేకపోవడమే లోటు.

ఈ నూరేళ్ల కథను వెనక్కి తిరిగి చూస్తే ఒకటి తెలుస్తుంది. ప్రతి తరంలోనూ ఒక అడ్డంకి తొలగింది, ఇంకొకటి వచ్చింది. మొదట రైలు దూరం, తర్వాత ఇంగ్లీషు, ఆపైన ధ్రువపత్రాలు, ప్రవేశ పరీక్ష, ఇప్పుడు ఆన్‌లైను. ప్రభుత్వాలు కాలేజీలు కట్టగలిగాయి, ఫీజులు కట్టగలిగాయి. పిల్లవాడి పక్కన కూర్చుని ‘ఇది ముందు పెట్టు నాయనా, ఈ కాగితం మర్చిపోయినావు’ అని చెప్పే పనిని మాత్రం అన్ని తరాల్లోనూ అయివార్లు, సీనియర్లే చేశారు. ఆ ఇద్దరూ దొరకని ఇంటి బిడ్డకు మార్కులున్నా దారి దొరకలేదు.

సంఘం ముందున్న పని

కనుక స్వర్ణోత్సవ సందర్భంగా సంఘానికి ఒక సూచన. బడికి గేటు, వేదిక, నీళ్ల ట్యాంకు కట్టించడం మంచిదే. దానితోపాటు ఏటా మూడుసార్లు మనుషుల్నీ ఇవ్వాలి. పదో తరగతి నామినల్ రోల్స్ పంపేముందు ఒక రోజు: పేర్లు, తేదీలు ఆధార్‌తో సరిచూడటానికి. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో రెండు రోజులు: ఇంటరు గ్రూపు, పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ దారులు తల్లిదండ్రులకు తెలుగులో వివరించడానికి. తప్పినవాళ్లను వెతికి సప్లిమెంటరీకి ఫీజు కట్టించడం కూడా అప్పుడే. పాత రోజుల్లోలాగా వాళ్లు సెప్టెంబరు దాకా ఆగనక్కర్లేదు, కొద్ది వారాల్లోనే మళ్లీ రాయవచ్చు. చివరిగా ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఒక గది, రెండు కంప్యూటర్లు, ఆ కాలేజీల్లో ఇప్పుడు చదువుతున్న మన సీనియర్లు ఇద్దరు.

ఆరు నుంచి ఇంటరు దాకా స్టడీ సర్టిఫికెట్లు, టి.సి., మార్కుల జాబితాలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు అన్నీ ఒక సంచిలో పెట్టి వేసవిలోనే సిద్ధం చేయించగలిగితే సగం పని అయినట్టే. వీటికి పెద్ద నిధి అక్కర్లేదు. మన సంఘంలో రిటైరైన అయివార్లున్నారు, రెవెన్యూ ఆఫీసులో పనిచేసినవాళ్లున్నారు, ఇంజనీర్లున్నారు, అంగడి కట్టేసి ఒక పూట రాగలిగినవాళ్లున్నారు.

మనకు దారి చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్లకు చేసే సన్మానం శాలువతో సరిపోదు. వాళ్లు కూర్చున్న ఆ బల్ల దగ్గర వచ్చే జూన్‌లో మనం కూర్చుందాం.