కప్పు తెరుచుకున్న ఇల్లు

మీరు కపెర్నహూములో ఒక చిన్న ఇంట్లో గోడకు ఒదిగి నిలబడ్డారు. బయట గలిలయ సముద్రం. సముద్రమట్టానికి సుమారు 210 మీటర్ల దిగువనున్న ఒడ్డు ఇది. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం, వాకిట్లోనూ అడుగు పెట్టే చోటు లేదు. శాస్త్రులు కూర్చుని ఉన్నారు. యేసు మాట్లాడుతున్నారు. ఈ ఊళ్లోనే సీమోను అత్తగారి జ్వరం ఆయన ముట్టుకోగానే దిగిపోయింది. వినడానికి వచ్చినవాళ్లకన్నా చూడడానికి వచ్చినవాళ్లే ఎక్కువేమో.

మీ భుజం మీద మట్టిపెళ్ల పడుతుంది. తలెత్తుతారు. మరో పెళ్ల, ఎండుకొమ్మలు, దుమ్ము. 1968లో పురావస్తు పరిశోధకులు కోర్బో, లోఫ్రెడా ఈ ఊళ్లో తవ్వకాలు మొదలుపెట్టాక బయటపడినవి ఇలాంటి నల్లరాతి ఇళ్లే. ఆ గోడలు మోయగలిగింది దూలాలు, కొమ్మలు, మట్టి పరిచిన తేలికపాటి మిద్దెనే. నలుగురు మనుషులు చేతులతో తవ్వగలిగిన కప్పు. వెలుతురు ఒక్కసారిగా లోపలికి పడుతుంది, దాని వెంట ఒక పరుపు దిగుతుంది. దానిమీద పక్షవాతంతో కదల్లేని మనిషి.

అందరి చూపూ అతని కాళ్ల మీదే. యేసు మాత్రం, నీ పాపాలు క్షమించబడ్డాయి అంటారు. అంతే. కాళ్ల ఊసే లేదు.

ఆ కాసేపు ఆగండి. కథ ముగింపు తెలుసు కనుక మనం ఈ చోటును దాటేస్తాం. పరుపు మీది మనిషి ఇంకా పరుపు మీదే ఉన్నాడు. పైనుంచి నలుగురూ వంగి చూస్తున్నారు. అతనికి దక్కాల్సినవాటిలో పెద్దది అప్పుడే దక్కింది, కానీ ఆ గదిలో ఎవరి కంటికీ అది కనిపించదు. దేవుడు తప్ప పాపాలు క్షమించగలవాడెవడని శాస్త్రులు లోలోపల గొణుక్కుంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. క్షమాపణ దొరికిందని ఎవరైనా అనొచ్చు, రుజువేది? యేసు వాళ్ల మనసు చదివి, పాపాలు క్షమించే అధికారం తనకుందని వాళ్లకు తెలియాలని చెప్పి, అప్పుడు రోగి వైపు తిరుగుతారు. లేచి పరుపెత్తుకుని ఇంటికి వెళ్లమంటారు. అతను లేస్తాడు. ఇందాక దారివ్వని జనం ఇప్పుడు పక్కకు జరుగుతారు.

స్వస్థత కూటాల్లో జబ్బు తగ్గనివాళ్లను పట్టుకుని నీకు విశ్వాసం చాలలేదని అంటుంటే నాకు గుండె మండుతుంది. ఈ ఇంట్లో ఆ మనిషిని ఎవరూ అలా నిలదీయలేదు. కప్పు తవ్వినవాళ్ల విశ్వాసాన్ని కూడా యేసు చూశారు. కాళ్లు రాకముందే అతన్ని కుమారుడా అని పిలిచారు.

ఇక్కడి నుంచి నాలుగడుగుల్లో సమాజమందిరం. మరో రోజు అక్కడికి రండి. ముందురోజు అయిదు రొట్టెలు, రెండు చేపలతో కడుపునిండా తిన్న జనం పడవలెక్కి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చారు. అంత తిన్నవాళ్లే, నిన్ను నమ్మాలంటే ఏ సూచన చూపిస్తావని అడుగుతున్నారు! అద్భుతం చూసినవాడికి మరో అద్భుతం కావాలి. మత్తయి సువార్తలో యేసు ఈ ఊరినే పేరు పెట్టి గద్దించింది ఇందుకే: ఇన్ని అద్భుతకార్యాలు కళ్లారా చూసి కూడా మారలేదు. అద్భుతం తలుపు చూపిస్తుంది, లోపలికి నడవాల్సింది మనిషే.

ఆయన రొట్టె సంగతి పక్కనపెట్టి, జీవాహారం నేనే అంటారు. మాట కఠినంగా ఉందంటూ జనం లేచిపోతారు. శిష్యుల్లో చాలామంది కూడా. మీరూ వెళ్లిపోతారా అని ఆయన పన్నెండుమందినీ అడుగుతారు. సీమోను పేతురు బదులిస్తాడు. నిన్నటి రొట్టెల గురించి గానీ, తన అత్తగారి జ్వరం గురించి గానీ ఎత్తడు. నిత్యజీవపు మాటలు నీ దగ్గరుంటే మేం ఇంకెవరి దగ్గరికి వెళ్తాం ప్రభువా, అంటాడు.