కంది

కంది (శాస్త్రీయ నామము: కజానస్ కజాన్) ఫాబేసి కుటుంబానికి చెందిన పప్పుధాన్యపు మొక్క. దీని గింజలను పొట్టు తీసి రెండు బద్దలుగా విడగొట్టగా వచ్చేదే కందిపప్పు. తెలుగువారి ఇళ్ళలో ఉత్త "పప్పు" అన్నచో సాధారణంగా కందిపప్పే. ప్రపంచంలో కందిని అత్యధికంగా పండించేదీ, తినేదీ భారతదేశమే. అయినను పండినది చాలక మొజాంబిక్, మయన్మార్, టాంజానియా మొదలైన దేశాల నుండి దిగుమతి చేసుకొనుచున్నది.

పుట్టుక

కంది జన్మస్థానం భారతదేశమేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దీనికి అతి దగ్గరి అడవి జాతియైన కజానస్ కజానిఫోలియస్ ఒడిషా, బస్తర్ ప్రాంతాలలో నేటికీ కనిపిస్తుంది.

సాగు

కంది ప్రధానంగా వర్షాధారపు పంట. తొలకరిలో, అనగా జూన్-జూలై నెలలలో విత్తుతారు. పెక్కు రకాలు కోతకు వచ్చుటకు 5 నుండి 6 నెలలు పట్టును. పొద్దు తగ్గినప్పుడే పూతకు వచ్చే స్వభావం గలది కనుక, రబీలో ఆలస్యంగా విత్తిన పైరు పొట్టిగా ఉండి త్వరగా కాపుకు వస్తుంది. అందుచేత రబీలో మొక్కలను మరింత దగ్గరగా వేయవలెను.

రైతులు కందిని ఒంటరిగా వేయుట కంటే జొన్న, పత్తి, వేరుశనగ, మొక్కజొన్నల నడుమ సాళ్ళుగా వేయుట ఎక్కువ. ఇందులో మంచి యుక్తి ఉన్నది. మొదటి రెండు మూడు నెలలు కంది చాలా నెమ్మదిగా ఎదుగుతుంది. ఆ లోపల జొన్న వంటి పైరు ఎదిగి కోతకు వస్తుంది. తరువాత చోటంతా కందిదే. తల్లివేరు లోతుకు దిగుటచే వానలు వెనుదీసినా నిలబడును. వేళ్ళ బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. అంతేగాక, ఎర్రనేలల్లో ఇనుముతో బంధింపబడి ఇతర పైర్లకు అందని భాస్వరాన్ని కంది వేళ్ళు స్రవించు ఆమ్లాలు విడిపించగలవు. రాలిన ఆకు నేలకు ఎరువగును, కంప పొయ్యిలోకి పనికివచ్చును.

చీడపీడలు

శనగపచ్చ పురుగు, మారుకా మచ్చల పురుగు పూతను, కాయను తిని పంటను నాశనం చేస్తాయి. ఎండు తెగులు శిలీంధ్రం నేలలో ఏళ్ళ తరబడి ఉంటుంది. జొన్నతో కలిపి వేసినచోట దీని ఉధృతి తక్కువ. కంటికి కనిపించని నల్లి వలన వ్యాపించే వెర్రి తెగులు సోకిన మొక్క పచ్చగానే ఉండును గాని పూయదు, కాయదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నుండి వచ్చిన ఆశ (ఐ.సి.పి.ఎల్. 87119) ఈ రెండు తెగుళ్ళనూ తట్టుకొనును.

ధర

కందికి పురుగు కంటే ధర పెద్ద బెడద అనవచ్చును. వరుసగా రెండేళ్ళు వర్షాలు తగ్గుటచే 2015లో కందిపప్పు కిలో సుమారు 200 రూపాయలకు చేరింది. ఆ ధర చూచి రైతులు విరివిగా వేయగా, 2015-16లో సుమారు 25 లక్షల టన్నులున్న దేశ దిగుబడి మరుసటి యేడు 48 లక్షల టన్నులు దాటింది. అప్పుడు మద్దతు ధర క్వింటాలుకు 5,050 రూపాయలు కాగా మార్కెట్టులో అంతకంటే తక్కువకే అమ్ముకొనవలసి వచ్చినది. 2017లో ప్రభుత్వం దిగుమతులపై పరిమితి విధించినది, 2021లో మరల సడలించినది.

తెలంగాణలోని తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది.