మిద్దె కింద వైఫై: సంజామల సీమలో తీగల చరిత్ర

నంద్యాల – ఎర్రగుంట్ల రైలుమార్గం మీద ఉన్న సంజామల ఒకప్పుడు కోవెలకుంట్ల తాలూకాలోని గ్రామం; 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమై, 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా విభజనతో నంద్యాల జిల్లాలో చేరింది. నల్లరేగడిలో శనగ పండే ఈ సీమకు చుట్టుపట్ల నాపరాయి గనులు ఉండటంతో పాత ఇళ్ల గోడలకూ అరుగులకూ రాయే ప్రధాన సామగ్రి అయింది. ఇంటికి వచ్చిన ఇంటర్నెట్‌ను రేడియో తరంగాల రూపంలో ఫోన్లకూ కంప్యూటర్లకూ పంచే పెట్టెను రౌటరు అంటారు. అది ఇటువంటి ఊళ్లకు ఏ దారిన వచ్చింది, వచ్చాక ఎక్కడ మొరాయిస్తుంది అన్నవాటికి జవాబు ఆ పెట్టెలో కంటే దానికి ముందు వచ్చిన తీగల్లోనూ, దాని చుట్టూ ఉన్న గోడల్లోనూ ఎక్కువగా దొరుకుతుంది.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు కోవెలకుంట్లను కుదిపినప్పుడు ఈస్టిండియా కంపెనీ అధికారులకు ఆ వార్త మనుషుల చేతనో గుర్రాల మీదనో అందవలసిందే, ఎందుకంటే దేశంలో టెలిగ్రాఫు తీగ ఇంకా వాడుకలోకి రాలేదు. తీగ వచ్చాక దానితోపాటు చట్టమూ వచ్చింది. 1885 నాటి టెలిగ్రాఫు చట్టం తీగల మీద సర్వహక్కులూ ప్రభుత్వానికి కట్టబెట్టగా, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా రేడియో పరికరాన్ని దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేసింది. 1963లో కడప ఆకాశవాణి కేంద్రం మొదలైన రోజుల్లో ఇంట్లో రేడియో ఉన్నవారు ఏటా తపాలా కార్యాలయానికి వెళ్లి రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకునేవారు. కేవలం వినే యంత్రానికే ఇంత కట్టడి ఉండగా, తరంగాలను స్వయంగా ప్రసారం చేసే పెట్టె ఈనాడు ఏ అనుమతీ లేకుండా ప్రతి ఇంట్లోనూ వెలుగుతున్నదంటే, 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ తరంగపట్టీని నిర్ణీత శక్తికి లోబడి లైసెన్సు అక్కరలేనిదిగా ప్రకటించడమే కారణం. సాంకేతిక భాషలో 802.11 అనిపించుకునే వైఫై ప్రమాణం అంతర్జాతీయంగా 1997లోనే వెలువడినా, భారతీయ గృహాల్లో దానికి నిస్సంకోచమైన చోటు దొరికింది ఈ ప్రకటన తరువాతే.

అదే 2005లో ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ ల్యాండ్‌లైను మీద బ్రాడ్‌బ్యాండు సేవను ప్రారంభించింది. అప్పటికి పల్లెలకు టెలిఫోను రావడమే ఇటీవలి సంగతి: 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ దుమ్మునూ ఎండనూ తట్టుకుని, చల్లని గది లేకుండానే పనిచేసే 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజిని రూపొందించిన తరువాతే చిన్న ఊళ్లకు నేరుగా నంబరు తిప్పే సౌకర్యమూ, దాని వెంట ఎస్టీడీ బూత్‌లూ వచ్చాయి. మాట కోసం వేసిన ఆ రాగి తీగ మీదే చెవికి వినపడని ఎత్తైన పౌనఃపున్యాల్లో సమాచారాన్ని పంపే పద్ధతిని ఏడీఎస్ఎల్ అంటారు. ఫోనును, మోడెమును వేరుచేసే అగ్గిపెట్టెంత స్ప్లిట్టరు అనే బిళ్ల ఈ ఏర్పాటుకు కీలకం. ఎక్స్ఛేంజి నుంచి కిలోమీటర్లు దూరమయ్యే కొద్దీ సంకేతం సన్నగిల్లుతుంది కాబట్టి ఈ బ్రాడ్‌బ్యాండు పట్టణాలకు అచ్చివచ్చినంతగా దూరపు పల్లెలకు రాలేదు. వాన పడితే అతుకుల్లోకి తడి చేరి నెట్ ఆగడమూ ఆనాటి వాడుకదారులకు పరిచితమే. రౌటరును అమర్చడం అనే విద్య కూడా అప్పుడే పుట్టింది. కంప్యూటరులో 192.168.1.1 అని కొట్టి, తెరిచిన పేజీలో సంస్థ ఇచ్చిన యూజర్‌నేమునూ పాస్‌వర్డునూ నింపడమే దాని సారాంశం. ఆ అంకెలు బయటి లోకానికి చెల్లని, ఇంటి లోపలి చిరునామాల కోసం 1996లో ప్రత్యేకించిన వరుసలోవి, కనుకనే అవే అంకెలు సంజామలలోనూ షికాగోలోనూ ఒకేసారి పనిచేస్తాయి.

అయితే పల్లె రౌటరుకు అసలు పూర్వీకుడు టెలిఫోను కాదు, కేబుల్ టీవీ. 1990ల తొలినాళ్లలో డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ నల్లని తీగ లాగిన ఆపరేటర్లను ప్రభుత్వం 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టంతో క్రమబద్ధం చేసింది. వారి నమోదు బాధ్యతనూ తపాలా శాఖకే అప్పగించడం చూస్తే, రేడియో లైసెన్సు నాటి అలవాటు ఎంత గట్టిదో తెలుస్తుంది. ఏ వీధిలో ఏ స్తంభం ఎక్కాలో, ఎవరింటి మిద్దె మీదుగా తీగ పోనిస్తే అభ్యంతరం ఉండదో ఈ ఆపరేటరుకూ అతని పనివారికీ తప్ప మరెవరికీ తెలియదు. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ ఈ జ్ఞానాన్నే పెట్టుబడిగా తీసుకుంది: రోడ్లు తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగా గాజు తీగ లాగి, సబ్‌స్టేషన్లలో పంపిణీ కేంద్రాలు నెలకొల్పి, ఇంటి గడప దాకా తీసుకువెళ్లే పనిని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆవిష్కరించిన ఈ పథకంలో నెలకు 149 రూపాయలకు టీవీ చానళ్లు, టెలిఫోను, సెకనుకు 15 మెగాబిట్ల వరకు వేగంతో ఇంటర్నెట్ కలిపి ఇచ్చారు. టీవీ కోసం తలుపు తీసిన ఇంట్లోకి వైఫై ఆ వెనకే నడిచివచ్చింది. రౌటరు నేటికీ టీవీ పక్కనే కూర్చోవడం ఆ చరిత్రకు గుర్తు.

గాజు తీగలోని వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. ఇళ్లలో కనిపించేది చాలావరకు ఓఎన్‌టీ, రౌటరు కలిసిన ఒకే పెట్టె. దాని ముఖం మీది దీపాలు చదవగలిగితే సగం మరమ్మతు అయినట్టే. పవర్ దీపం లేకపోతే లోపం కరెంటుదో, 12 వోల్టుల అడాప్టరుదో. ఎల్ఓఎస్ అని రాసిన చోట ఎర్రలైటు మినుకుమంటే గాజు తీగ నుంచి వెలుగు అందడం లేదని అర్థం. ఈ రెండో సందర్భంలో ఇంట్లో ఎన్నిసార్లు స్విచ్చి ఆపి వేసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే తీగ ఎక్కడో మెలితిరిగో, ఎత్తుగా చొప్ప వేసుకున్న ట్రాక్టరు తగిలి తెగో ఉంటుంది. కేబుల్ పనివాడు ముందుగా తీగ కొసను పవర్‌మీటరులో పెట్టి చూస్తాడు. మైనస్ 20 అంటే నిశ్చింత, సుమారు మైనస్ 27 దాటితే పెట్టెకు చూపు ఆనదు. మూడంకెలు దిగితే వెలుగు సగమైనట్టు లెక్క కాబట్టి ఆ ఏడంకెల తేడాలో వెలుగు అయిదో వంతుకు పడిపోతుంది. తెగిన చోట రెండు కొసలను ఒలిచి, స్పిరిటుతో తుడిచి, నిట్టనిలువుగా కోసి, స్ప్లైసింగ్ యంత్రంలో ఎదురెదురుగా ఉంచితే విద్యుత్ మెరుపు ఒకటి వాటిని కరిగించి అతుకుతుంది. వెంట్రుకలాంటి ఆ పోగులో వెలుగు నడిచే దారి మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు.

దీపాలన్నీ పచ్చగా ఉండి కూడా లోపలి గదిలో నెట్ రాకపోతే నేరం గోడది. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో పొరుగిళ్ల రౌటర్లు ఒకే చానల్ మీద ఒరుసుకోవడం పెద్ద బాధ కాగా, దూరదూరంగా ఉన్న పల్లె ఇళ్లలో ఆ పోటీ తక్కువ. ఇక్కడి బాధ మందపాటి రాతిగోడ. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగంగా మోసినా గోడ దాటడంలో 2.4 గిగాహెర్ట్జ్ కంటే బలహీనం, కనుక రాతి ఇంట్లో వేగం కోసం 5ను ఎంచుకున్నవారు పక్కగదికి వెళ్లగానే వేగాన్నీ సంకేతాన్నీ రెండింటినీ పోగొట్టుకుంటారు. 2020 లాక్‌డౌనులో నగరాల నుంచి సొంతూళ్లకు వచ్చి ఇంటి నుంచే కొలువు చేసినవారికి ఈ విషయం బాగా తెలిసివచ్చింది. పెట్టె వెనుక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చే రీసెట్ మాత్రం మందు కాదు: అది సంస్థ చేసిన అమరికలను కూడా చెరిపివేస్తుంది, ఆపై ఆపరేటరు రాక తప్పదు.

పాత మిద్దెలో రౌటరుకు తోచే చోటు గోడలోని గూడు. దీపం పెట్టుకోవడానికి వదిలిన ఆ గూడు మూడువైపులా రాయితో మూసి ఉంటుంది కాబట్టి తరంగం ఎదుటికి తప్ప ఎటూ పారదు. అదే పెట్టెను వాకిలికి ఎదురుగా దూలానికి వేలాడదీస్తే తలుపుల వరుస వెంట వసారా దాకా చేరుతుంది. మట్టి పైకప్పును దాటడం దానికి కష్టమే అయినా, గాలికీ వెలుతురుకూ కప్పులో వదిలిన గవాక్షి దానికీ దారి ఇస్తుంది, అందువల్ల ఎండాకాలం రాత్రుల్లో మిద్దె మీద పడకలు వేసుకున్నవారికి గవాక్షి పక్క మంచం మీద ఫోను పలికినంతగా పిట్టగోడ దగ్గర పలకదు.