కెరమెరి ఘాట్ ఎక్కిన ఇంజెక్టర్

2010 ఏప్రిల్ వచ్చేసరికి హైదరాబాద్ షోరూముల్లో కొత్త మారుతి 800 దొరకడం ఆగిపోయింది. భారత్ స్టేజ్-4 పొగ నిబంధనలకు తగ్గట్టు ఆ చిన్న కారును మార్చడం గిట్టుబాటు కాదని కంపెనీ తేల్చుకుంది. ఆ నిబంధనలు మొదట అమల్లోకి వచ్చిన 13 నగరాల్లో అమ్మకం ఆపేసింది. పాత నిబంధనలే నడుస్తున్న జిల్లాల్లో మాత్రం 2014 జనవరిలో ఉత్పత్తి నిలిపేసేదాకా అమ్ముతూనే వచ్చింది. రాజధానిలో కాలం చెల్లిన కారు ఆదిలాబాద్ అడవి దారుల్లో మరో నాలుగేళ్లు కొత్త కారుగానే బతికింది.

అది ఒక్క మారుతి కథే కాదు. కార్లకు సంబంధించి భారత్ స్టేజ్-2 హైదరాబాద్‌కు 2003లో వస్తే మిగతా జిల్లాలకు 2005లో వచ్చింది. స్టేజ్-3 హైదరాబాద్‌కు 2005లో, మిగతా జిల్లాలకు 2010లో. స్టేజ్-4 అక్కడ 2010లో, మిగతా జిల్లాల్లో 2017లో. ప్రతిసారీ ఆదిలాబాద్ అడవుల వైపున్న ఆసిఫాబాద్ వెనకే ఉంది, ఎడం పెరుగుతూ కూడా వచ్చింది. 2020 ఏప్రిల్ 1న వచ్చిన స్టేజ్-6 మాత్రం రెండు చోట్లా ఒకే రోజున అమలైంది. ఆ దెబ్బతో కొత్త బండ్లలో కార్బొరేటర్ కనుమరుగైంది. అంతకుముందు వందేళ్లకు పైగా పెట్రోలు ఇంజనుకు తిండి పెట్టింది అదే.

కార్బొరేటర్‌ను తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. 1890లలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ సన్నటి రంధ్రం గుండా పెట్రోలును చిమ్మే కార్బొరేటర్‌ను రూపొందించాడు. ఇరుకు గొట్టంలో గాలి వేగం పెరిగితే అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ లోటు పెట్రోలును జెట్ గుండా పైకి లాగుతుంది. అందులో తీగ లేదు, కరెంటు లేదు. ఇత్తడి జెట్, తేలే ఫ్లోట్, సూది, రెండు మూడు స్క్రూలు, అంతే. మెకానిక్ దాన్ని విప్పి, పెట్రోలుతో కడిగి, జెట్‌లో గాలి ఊది, మళ్లీ బిగించి, చెవి దగ్గర పెట్టుకున్నట్టు ఇంజను శబ్దం వింటూ ఐడ్లింగ్ స్క్రూ తిప్పేవాడు. బండి సరిగ్గా నడిచేది. ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేని విద్య అది.

అయితే ఆ పరికరానికి ఆసిఫాబాద్ వాతావరణం పెద్ద పరీక్షే. శీతకాలంలో తిర్యాణి మండలం గిన్నెధరి, సిర్పూర్ (యు) ప్రాంతాల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది. రాష్ట్రంలోనే అతి చల్లని ఊళ్లుగా వాటి పేర్లు పేపర్లో వస్తుంటాయి. ఆ చలికి పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. చోక్ లాగాలి, అయినా ఇంజను రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోతుంది. మే నెలలో అదే నేల మీద ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు జరిగేది దానికి తలకిందులు. పంపులోనే పెట్రోలు మరిగి ఆవిరై లైను కట్టేస్తుంది. అంబాసిడర్, ఫియట్ డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టుకుని నడిపింది అందుకే. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వైపు కెరమెరి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంకో చిక్కు. బండి ఏటవాలుగా ఉంటే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు ఒక పక్కకు ఒరుగుతుంది, జెట్‌కు అందే పాళ్లు మారతాయి, సరిగ్గా బలం కావాల్సిన చోట ఇంజను మిస్సింగ్ కొడుతుంది.

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. చలిలో, ఎండలో, ఘాట్‌లో, రద్దీలో ఈ లెక్క తప్పకుండా చూడటం ఇత్తడి జెట్‌కు సాధ్యం కాదు. పెట్రోలును లెక్క ప్రకారం పిచికారీ చేసే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పుట్టడానికి మూలం ఇదే.

మరి పాత కార్బొరేటర్ బండ్లకూ ఇంజెక్షన్ పెట్టవచ్చా? పాత ఇంజనుకు కొత్త తిండి అలవాటు చేయడం మన వాళ్లకు కొత్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు బస్సు వెనక ఇనుప కొలిమి బిగించి, బొగ్గు కాల్చి, వచ్చిన గ్యాసును ఇంజనుకు పంపారు. బయలుదేరే ముందు క్లీనరు చాలాసేపు బ్లోయర్ హ్యాండిల్ తిప్పాల్సి వచ్చేది. తెలుగు నేల మీద వాటిని బొగ్గు బస్సులనే పిలిచారు. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ధర మోయలేక జీపుల్లో, అంబాసిడర్లలో పెట్రోలు ఇంజను దింపేసి డీజిల్ ఇంజను ఎక్కించడం దేశమంతటా ఒక వ్యాపారంగా సాగింది. ఆ తర్వాత గ్యాసు వంతు. వంటింటి సిలిండరును మారుతి వ్యానులో పెట్టుకుని తిరిగిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా. 2000లో చట్టం సవరించి ఆ తర్వాత ఆమోదించిన ఆటో ఎల్పీజీ కిట్లకు దారి ఇచ్చాకే ఆ పని కాస్త క్రమంలో పడింది. దొంగచాటుగా సాగిన మార్పిడిని నిబంధనతో దారికి తేవచ్చని చూపిన అనుభవం అది.

ఇంజెక్షన్ చరిత్ర గాలిలో మొదలైందంటే అతిశయోక్తి కాదు. 1940లో బ్రిటన్ మీద ఆకాశంలో జరిగిన పోరులో జర్మన్ మెసర్‌ష్మిట్ యుద్ధ విమానాల ఇంజన్లకు పెట్రోలు నేరుగా పిచికారీ అయ్యేది. బ్రిటిష్ స్పిట్‌ఫైర్ మెర్లిన్ ఇంజనుకు ఉన్నది కార్బొరేటర్. విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి దించితే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు పైకి ఎగిరి ఇంజను క్షణంపాటు ఆగేది. శత్రువు తప్పించుకోవడానికి ఆ క్షణం చాలు. బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు పెట్రోలు లైనులో చిన్న రంధ్రమున్న లోహపు బిళ్ల ఒకటి పెట్టి 1941లో ఆ లోపాన్ని చాలావరకు అదుపు చేసింది. కెరమెరి ఘాట్‌లో జీపు పడ్డ ఇబ్బందీ స్పిట్‌ఫైర్ పడ్డ ఇబ్బందీ ఒకే జాతివి.

కారుకు ఎలక్ట్రానిక్ పద్ధతిని మొదట తెచ్చింది అమెరికాలోని బెండిక్స్ సంస్థ. 1958 మోడల్ క్రైస్లర్ కార్లలో కొన్నింటికి దాని ‘ఎలక్ట్రోజెక్టర్’ బిగించారు. అప్పటి ఎలక్ట్రానిక్ భాగాలు వేడికీ అదురుకూ తట్టుకోలేకపోయాయి. ఆ కార్లలో చాలా వాటికి ఇంజెక్షన్ పీకేసి మళ్లీ కార్బొరేటర్లే పెట్టారు. ఆలోచన సరైనదైనా కాలం కలిసి రాకపోతే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది. బెండిక్స్ పేటెంట్ల ఆధారంతో జర్మనీలోని బాష్ పని కొనసాగించి 1967లో డి-జెట్రానిక్‌ను తెచ్చింది. ఫోక్స్‌వాగన్ 1600 కారు దాంతో అమెరికాకు వెళ్లింది. అక్కడ కాలిఫోర్నియా పొగ చట్టాలు అప్పటికే బిగుస్తున్నాయి. 1976లో వోల్వో పొగ గొట్టంలో లాంబ్డా సెన్సార్ పెట్టింది. మండిన పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను అది చూసి చెబుతుంది, కంప్యూటర్ వెంటనే పెట్రోలు పాళ్లు సరిచేస్తుంది. కార్బొరేటర్ పరాజయం ఖాయమైంది అక్కడే.

మన దేశంలో ఈ మార్పును తోసుకొచ్చింది ఢిల్లీ గాలి. పర్యావరణ న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1999 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశంతో రాజధాని ప్రాంతంలో ఆ జూన్ నుంచి యూరో-1, 2000 ఏప్రిల్ నుంచి యూరో-2 పొగ ప్రమాణాలు తప్పనిసరయ్యాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. సీసం ఉంటే పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ పాడైపోతుంది. కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే గాలి, పెట్రోలు పాళ్లు వెంట్రుకవాసి తప్పకూడదు. ఇంజెక్షన్ తప్ప మరో దారి లేదు. 1998లోనే హ్యుందాయ్ శాంత్రో, దేవూ మాటిజ్ ఆ పద్ధతితో వచ్చి ఉన్నాయి. మారుతి వెంటపడి అందుకుంది. ‘ఎంపీఎఫ్ఐ’ (మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) అన్న నాలుగక్షరాలు కారు వెనక అతికించుకోవడం ఆ రోజుల్లో ఒక హోదా.

పాత ఇంజనును ఇంజెక్షన్‌కు మార్చవచ్చా అని అడిగేవారికి మంచి సాక్ష్యం మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన నాటి కారు ఇంజనులో మూడు సిలిండర్లు, 796 సీసీ. 2000లో ఇంజెక్షన్ వచ్చాక కూడా మామూలు మోడల్‌లో అదే ఇంజను, అదే 796 సీసీ, 37 హార్స్ పవర్. బలం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. మారింది తిండి పెట్టే పద్ధతి మాత్రమే. పొగ తగ్గింది, చలిలో చోక్ లాగే పని పోయింది. అంబాసిడర్‌కు కూడా 1,800 సీసీ ఇసుజు ఇంజను మీద తర్వాతి కాలంలో ఇంజెక్షన్ వచ్చింది. ఇవి కంపెనీ ప్రయోగశాలల్లో జరిగినవి. షెడ్డులో చేయాలంటే లెక్క వేరు.

కార్బొరేటర్‌కు పెట్రోలు నిదానంగా అందితే చాలు. ఇంజెక్టర్‌కు సుమారు 3 బార్ ఒత్తిడి కావాలి. అందుకు కరెంటు పంపు, ఆ ఒత్తిడికి తట్టుకునే గొట్టాలు, రెగ్యులేటర్, మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్లే లైను ఉండాలి. పాత రబ్బరు పైపులు అలాగే వదిలేస్తే ఎక్కడో ఒకచోట పగిలి బండి తగలబడుతుంది. ఈ ఒక్క విషయంలో అజాగ్రత్త క్షమించరానిది. క్రాంక్ షాఫ్ట్‌కు పళ్ల చక్రం బిగించి, దాని ఎదురుగా సెన్సార్ పెడితేనే ఇంజను ఎంత వేగంతో తిరుగుతోందో కంప్యూటర్‌కు తెలుస్తుంది. థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, గాలి ఎంత వేడిగా ఉంది, నీళ్లు ఎంత వేడెక్కాయి, మానిఫోల్డ్‌లో పీడనం ఎంత అన్నవి చెప్పడానికి తలా ఒక సెన్సార్. వీటన్నిటికీ నిలకడైన కరెంటు కావాలి గనుక పాత డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టాల్సి వస్తుంది. ప్లగ్గు వైర్ల నుంచి వచ్చే విద్యుత్ అలజడి సెన్సార్ తీగల్లోకి చొరబడకుండా చూసుకోవాలి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఏ వేగంలో, ఏ బరువు మీద ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలో ల్యాప్‌టాప్‌లో పట్టిక నింపుతూ పోవాలి.

అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు 2001 ప్రాంతంలో ‘మెగాస్క్వర్ట్’ పేరుతో, ఎవరికి వారు టంకం వేసి కట్టుకునే ఇంజెక్షన్ కంప్యూటర్‌ను తయారుచేసి జనంలోకి వదిలారు. పెద్ద కంపెనీలు పెట్టెలో మూసిపెట్టిన విద్యను విప్పి చూపిన గొప్ప పని అది. అలాంటిది మన భాషలో, మన ఐటీఐలలో ఇంకా జరగాల్సి ఉంది.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. గ్యాసు కిట్లకు, విద్యుత్ కిట్లకు ఆమోద పద్ధతి ఉంది. కార్బొరేటర్ తీసి ఇంజెక్షన్ పెట్టుకునేవారికి అంత స్పష్టమైన దారి కనిపించదు. రవాణా శాఖ కార్యాలయంలో ముందే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోకుండా స్పానర్ పట్టుకోవద్దు.

మార్చకూడని బండ్లూ ఉన్నాయి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల కింద 50 ఏళ్లు దాటిన వాహనానికి ‘వీఏ’ అక్షరాల ప్రత్యేక నంబరు ఇస్తారు. చాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలన్నది షరతు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిలిచిన నిజాం నాటి 1912 రోల్స్ రాయిస్‌కు ఇంజెక్టర్ పెట్టాలని ఎవరూ కోరుకోరు. ఇంట్లో తాతల నాటి విల్లీస్ జీపు చెక్కుచెదరకుండా ఉంటే దాన్నీ అలాగే ఉంచాలి. రోజూ తిరగాల్సిన, ఇప్పటికే సగం భాగాలు మారిపోయిన బండి అయితే మార్చడం సబబే.

ఈ చర్చ ఇప్పుడు ఎందుకంటే, పెట్రోలే మారిపోయింది. 2022లో 10 శాతానికి చేరిన ఇథనాల్ కలయిక 2025లో 20 శాతానికి పెరిగింది. ఇథనాల్ కలిసిన ఇంధనానికి గాలి తక్కువ చాలు. పాళ్లు 14.7 నుంచి దాదాపు 13.5కు దిగుతాయి. లాంబ్డా సెన్సార్ ఉన్న బండి దాన్ని గుర్తించి సర్దుకుంటుంది. పాత కార్బొరేటర్‌కు ఆ సంగతి తెలియదు, పాత జెట్‌తోనే ఇంధనం చాలక ఇంజను వేడెక్కుతుంది. పాత రబ్బరు సీళ్లు ఇథనాల్‌కు ఉబ్బుతాయి. ఇంజెక్షన్ పెట్టినా ఆ సీళ్లు, గొట్టాలు మార్చక తప్పదు.

ఊళ్లలో ఇంజెక్షన్ ఇప్పటికే ఉంది. 2006లో హీరో హోండా గ్లామర్‌తో మన ద్విచక్రవాహనాల్లోకి వచ్చింది. 2020 తర్వాత స్ప్లెండర్‌కూ, వడ్ల బస్తాలు మోసే టీవీఎస్ ఎక్స్‌ఎల్‌కూ వచ్చేసింది. ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూరు, వాంకిడి మెకానిక్‌కు స్కానర్ కొనక తప్పని రోజులివి. చెవితో ఇంజను చదవగలిగినవాడికి సెన్సార్ చదవడం నేర్పితే ఆగడు. నేర్పేవాళ్లే కావాలి. తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తూ విద్యుత్ వాహనాల మెకానిక్ కోర్సు పెట్టింది, మంచిదే. దాని పక్కనే ఇంజెక్షన్ మరమ్మతు, పాత ఇంజన్ల మార్పిడి తెలుగులో నేర్పే కొన్ని నెలల కోర్సు ఒకటి ఆసిఫాబాద్ లాంటి జిల్లాల నుంచే మొదలుపెట్టాలి. గ్యాసు కిట్లకు ఇచ్చినట్టే ఇంజెక్షన్ కిట్లకూ పరీక్ష, ఆమోదం, ఆర్సీలో నమోదు ఉండేలా రవాణా శాఖ కేంద్రాన్ని అడగాలి. పొగ నిబంధనలు ఈ జిల్లాకు ఏళ్ల తరబడి ఆలస్యంగా వచ్చాయి, శిక్షణ అయినా ఆలస్యం కాకుండా చూడాలి.