ఆర్గానిక్ ముద్ర వెనక కథ

స్ట్రాబెరీలు మామూలువి కొనాలా, ఆర్గానిక్‌వా? ఆర్గానిక్ డబ్బా ధర చూడగానే చెయ్యి వెనక్కి వస్తుంది, పిల్లలు గుర్తొచ్చి మనసు పీకుతుంది. ఆ ముద్ర ఎలా పుట్టిందో తెలిస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో మీరే తేల్చుకోగలరు.

ఈ కథకి ఒక వేరు మన దేశంలోనే ఉందండీ. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1905లో బిహార్‌లోని పూసాకి వచ్చాడు. రైతులకి నేర్పాల్సినవాడు, వాళ్ల పొలాలు చూసి తనే నేర్చుకున్నాడు. పేడ, ఆకులు, చెత్త కలిపి ఎరువు చేసే పద్ధతిని తర్వాత ఇండోర్‌లో తీర్చిదిద్దాడు. ఆయన రాతల ప్రభావంతో అమెరికాలో జె.ఐ. రోడేల్ 1942లో సేంద్రియ సాగు మీద పత్రిక మొదలుపెట్టాడు. అంటే మన అమ్మమ్మల పెరట్లోని పెంటకుప్పే సముద్రం దాటి ఖరీదైన పేరు తెచ్చుకుందన్నమాట!

1962లో రేచల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’ రాసి, డీడీటీ లాంటి మందులు పక్షుల్ని, చేపల్ని ఏం చేస్తున్నాయో చెప్పింది. 1989లో యాపిల్ తోటల్లో వాడే ఆలార్ అనే రసాయనం గురించి టీవీలో వచ్చేసరికి తల్లులు హడలిపోయారు. మరుసటి ఏడాదే ఆర్గానిక్ ఆహార చట్టం వచ్చింది. నియమాలు కుదిరి అమలయ్యేసరికి ఇంకో 12 ఏళ్లు పట్టింది. 1997 ముసాయిదా జన్యుమార్పిడి పంటలకి, రేడియేషన్‌కి, మురుగు బురద ఎరువుకి తలుపు తెరిచే ఉంచింది. జనం ఊరుకోలేదు. రెండున్నర లక్షలకి పైగా ఉత్తరాలు, అభిప్రాయాలు వెళ్లాయి. చివరికి ఆ మూడింటినీ పక్కన పెట్టారు. 2002 అక్టోబరులో ముద్ర అమల్లోకి వచ్చింది.

మరి ఆ ముద్ర ఏం చెబుతుంది? పంట ఎలా పండించారో చెబుతుంది, అంతే. ప్యాకెట్ మీద ఉంటే నీళ్లు, ఉప్పు కాక కనీసం 95 శాతం ఆర్గానిక్ అని అర్థం. పోషకాలు ఎక్కువని కాదు. 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పోషకాల్లో గట్టి తేడా కనబడలేదు. పురుగుమందుల అవశేషాలు మాత్రం ఆర్గానిక్‌లో తక్కువగా దొరికాయి. కాబట్టి ఆర్గానిక్ బిస్కెట్ కూడా బిస్కెట్టే!

1990ల నుంచి ఒక పర్యావరణ సంస్థ ప్రభుత్వ పరీక్షల లెక్కలతో ‘డర్టీ డజన్’ జాబితా వేస్తోంది. స్ట్రాబెరీ, పాలకూర చాలా ఏళ్లుగా అందులో ముందున్నాయి. ఉల్లిపాయలు, క్యాబేజీ, అవకాడో, అనాస అవశేషాలు తక్కువున్న జాబితాలో ఉంటాయి. అయితే అవశేషం కనబడినంత మాత్రాన హాని చేసేంత ఉన్నట్టు కాదని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు. అదీ గుర్తుంచుకోండి.

బడ్జెట్ బిగువుగా ఉంటే ఇలా చేయండి. తొక్క తీయకుండా పిల్లలు రోజూ తినే ఒకటి రెండు పళ్లు, ఆకుకూరలు ఆర్గానిక్‌వి తీసుకోండి. ఫ్రోజెన్ చవగ్గా దొరికితే అదే మేలు. తొక్కో, పై పొరో తీసేసేవి మామూలువి చాలు. విడి పళ్ల స్టిక్కర్ మీద 9తో మొదలయ్యే అయిదంకెల నంబరుంటే ఆర్గానిక్ అని గుర్తు. ఏదైనా సబ్బు లేకుండా, ధారగా పడే నీళ్ల కింద రుద్ది కడగండి.

ఆర్గానిక్ కొనలేకపోయామని పళ్లూ కూరలూ తగ్గించేస్తే మాత్రం అదే అసలు నష్టం.