అద్దాల పెట్టెలో చేపను మన చెరువులో వదలొచ్చా?

ఈసారి పత్తి గురించో, బత్తాయి ధర గురించో కాదు, రంగుల చేపల గురించి రాస్తున్న. పోస్టు కొంచెం పెద్దదే. ఓపికగా చదవండి, ఇందులో మన చెరువు ముచ్చట ఉన్నది.

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో, బత్తాయి లోడు దించినంక కర్మన్‌ఘాట్‌లో మా మేనల్లుడి ఇంటికి పోయి, హనుమాన్ గుడిలో దండం పెట్టుకొని ఊరికి వచ్చేవాణ్ని. 2021లో మార్కెట్ బాటసింగారం పోయినంక ఆ రాకపోకలు తగ్గినయి. మొన్న పనిబడి పోతే, వాళ్ల హాల్లో అక్వేరియం ఉన్నది. అందులో ఒక నల్లటి చేప. ఒళ్లంతా మచ్చలు, రాయి లాంటి తోలు, నోరు కిందికి ఉన్నది. కొన్నప్పుడు వేలంత ఉండెనట, ఇప్పుడు మూరెడైంది. పెట్టెలో అటు నుంచి ఇటు తిరగడానికి కూడా జాగ లేదు.

"మామా, దీన్ని చూస్తే పాపం అనిపిస్తున్నది. సరూర్‌నగర్ చెరువు నీళ్లు మంచిగ లేవు. నువ్వు బకెట్ల పెట్టుకొని పోయి మన ఊరి చెరువుల ఇడువు. దానికి బతుకు, మనకు పుణ్యం" అన్నడు.

నేను సరే అన్న. బకెట్ కూడా తెప్పించిన. ఊరికే అడిగిన, "వీటిని ఏ నదిలో పట్టిన్రు రా?" అని. "అడివిల పట్టినయి కావు మామా, ఫారంల పెంచినయి. అందుకే తప్పులేదు" అన్నడు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయిన. పెంచినది అయితే తప్పే ఉండదా? నదిలో పట్టినది అయితే తప్పేనా? ఆ రాత్రి అక్కడే ఉండి, అల్లుడు ఫోన్‌లో వెతుకుతుంటే ఇద్దరం కలిసి చదివినం. తెలిసింది మీకు చెప్తున్న.

చేపను అందం కోసం పెంచుడు మొదలైంది చైనాలో, వెయ్యేళ్ల కింద. బౌద్ధులు పట్టిన చేపలను పుణ్యం కోసం కొలనుల్లో వదిలేవాళ్లు. బూడిద రంగు చేపల్లో ఎప్పుడో ఒకసారి బంగారు రంగుది పుట్టేది. అట్లాంటివాటిని ఏరి, వేరే పెట్టి, జతకట్టించి పెంచితే తయారైందే ఇయ్యాల మనం చూసే గోల్డ్ ఫిష్. మనం వడ్లలో మంచి గొలుసు ఏరి విత్తనానికి పెట్టుకున్నట్టే అన్నమాట.

తర్వాతి కథ అచ్చంగా రైతులదే. జపాన్‌లో నీగాటా అనే కొండ ప్రాంతం. చలికాలంలో మంచు పడితే నెలల తరబడి దారులు మూసుకుపోతయి. అక్కడి వరి రైతులు పొలాలకు నీళ్లిచ్చే కుంటల్లో తిండి కోసం చేపలు పెంచుకునేవాళ్లు. అవి మన బంగారుతీగ లాంటి చేపలే. 1800ల మొదట్లో వాటిలో కొన్నిటికి ఎరుపు, తెలుపు మచ్చలు కనబడినయి. రైతులు వాటిని కూరకు కొయ్యకుండా దాచి, తరాల తరబడి జతకట్టించిన్రు. 1914లో టోక్యో ప్రదర్శనలో పెడితే జనం ఎగబడి చూసిన్రు. అదే కోయి చేప. 2004 భూకంపంలో ఆ ఊళ్ల కుంటలు చానా వరకు దెబ్బతింటే, రైతులు మళ్లీ కట్టుకొని పెంపకం నిలబెట్టుకున్నరు. పెంపకం అంటే ఫ్యాక్టరీ పనే అనుకోవద్దు, రైతు ఓపిక కూడా అందులో ఉన్నది.

ఇప్పుడు మన దేశం సంగతి. జీబ్రా చేప అని చారలది, వేలు పొడవు కూడా ఉండదు. మన దేశంలో వాగులు, వరి పొలాల కాలువలే దాని ఇల్లు. 1822లో హామిల్టన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దాన్ని మొదటిసారి వర్ణించిండు. తర్వాత అది దేశాలు దాటి అక్వేరియాలకు, అక్కడి నుంచి ప్రయోగశాలలకు చేరింది. మన హైదరాబాద్ సీసీఎంబీలో కూడా దాని మీద పరిశోధన చేస్తరు. దాన్ని పెంచడం తేలిక కాబట్టి వాగుల్లో వల వేసే అవసరం లేకుండా పోయింది. ఇక్కడ పెంపకమే మేలు చేసింది.

అన్ని చేపలకు ఆ అదృష్టం లేదు. మిస్ కేరళ అని ఒక చేప, ఒంటి మీద ఎర్ర గీత. కేరళ, దాని పక్కన కర్ణాటక కొండవాగుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టదు. 1997లో సింగపూర్ ప్రదర్శనలో బహుమతి వచ్చింది, ఇక దానికి గిరాకీ పెరిగింది. గుడ్లు పెట్టే కాలం అని కూడా చూడకుండా పట్టిన్రు. అంతరించే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలోకి ఎక్కింది. 2008లో కేరళ ప్రభుత్వం పట్టడం మీద ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత పెంపక కేంద్రాల్లో పిల్లలు తీయడం నేర్చుకున్నరు.

సముద్రం కథ ఇంకా ఘోరం. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి పగడపు దిబ్బల్లో సోడియం సైనైడ్ చల్లి, చేపకు మత్తెక్కినంక పట్టేవాళ్లు. చేప ఒక్కటే కాదు, దిబ్బ కూడా చచ్చేది. మంచినీటి రంగుల చేపల్లో పదింట తొమ్మిది వంతుల దాకా ఇప్పుడు పెంచినవే. సముద్రపు చేపల్లో మాత్రం ఎక్కువ శాతం ఇప్పటికీ పట్టినవే. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేప పిల్లలను తొట్టిలోనే పుట్టించడం సాధించింది.

ఇంతదాకా చదివి అల్లుడు, "చూసినవా మామా, నేను చెప్పిందే కదా" అన్నడు. ఆగు బిడ్డా అన్న.

బ్రెజిల్‌లో రియో నెగ్రో నది ఉన్నది. దాని ఒడ్డున బార్సెలోస్ అనే ఊరు. నది పొంగితే అడివి మునుగుతది, ఆ నీళ్లలో కార్డినల్ టెట్రా అనే ఎర్ర నీలం చేపలు లక్షల్లో పుడతయి. నీళ్లు తగ్గితే గుంటల్లో చిక్కి వాటిలో చానా వరకు ఎట్లాగూ చస్తయి. అక్కడి జాలర్లు 1950ల నుంచి చిన్న పడవల్లో, చేతివలలతో వాటిని పట్టి అమ్ముకుంటున్నరు. చేప కావాలంటే అడివి ఉండాలి కాబట్టి అడివిని వాళ్లే కాపాడుకున్నరు. 1989లో శాస్త్రవేత్తలు ప్రాజెక్ట్ పియాబా పెట్టి, ఈ చేపను కొంటే చెట్టును కాపాడినట్టే అని ప్రచారం చేసిన్రు. అదే జాతిని వేరే దేశాల ఫారాల్లో పుట్టించుడు మొదలైనంక వాళ్ల అమ్మకాలు పడిపోయినయి. చేప పని పోతే మనిషి బతకడానికి గొడ్డలి పట్టుకుంటడు, లేకపోతే గనికి పోతడు. అంటే పెంచిన చేప వల్ల కూడా అడివికి నష్టం రావచ్చు.

ఇప్పుడు బకెట్ దగ్గరికి వద్దాం.

మా అల్లుడి ఇంట్లో ఉన్న నల్ల చేపను దుకాణాల్లో సక్కర్ ఫిష్, ట్యాంక్ క్లీనర్ అంటరు. సొంత దేశం దక్షిణ అమెరికా. అద్దానికి పట్టిన పాచి తింటదని అమ్ముతరు. ఎవరూ నదిలో పట్టి తేవాల్సిన పనిలేదు, ఫారాల్లో వేలకు వేలు పుట్టిస్తరు. అల్లుడి లెక్క ప్రకారం ఏ పాపం లేని చేప ఇది. కానీ పెరిగి పెద్దగయితే పెట్టె చాలదు. అప్పుడు జాలిపడి చెరువులో, కాలువలో వదులుతరు.

మన జాలర్లు దాన్నే డెవిల్ ఫిష్, దెయ్యం చేప అంటున్నరు. ఒంటి మీద గట్టి పొలుసు, ముళ్లు. వలలో పడితే వల చినుగుతది. దాన్ని కొనేవాడు లేడు. గాలి మింగి బతుకుతది కాబట్టి నీళ్లు చెడిపోయినా చావదు, బయట వేసినా గంటల తరబడి ఉంటది. గుడ్లు పెట్టడానికి కట్టలో, ఒడ్డులో బొరియలు తవ్వుతది. చెరువు కట్టలో బొరియ అంటే ఏందో మనకు ఒకరు చెప్పాల్నా? సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్ఏ పరీక్షించి ఈ చేప ఉన్నదా లేదా చెప్పే పద్ధతి తయారుచేసిన్రు. తూర్పు కనుమల్లో వాళ్లు చూసిన నీటి వనరుల్లో సగానికి మించి దీని జాడ దొరికింది.

మంచి అనుకొని వదలడం మనకు కొత్త కాదు. దోమల కోసం 1928లో గంబూసియా చేపను ఇటలీ నుంచి తెచ్చి మన నీళ్లలో వదిలిన్రు. అది దోమ పిల్లలతోపాటు మన చిన్న చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటది.

అందుకే నాకు అర్థమైంది ఇది. పట్టిందా, పెంచిందా అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోదు. మూడు అడగాలె. ఎక్కడి నుంచి వచ్చింది? దాని మీద ఎవరి పొట్ట నిండుతున్నది? చివరికి ఎక్కడికి పోతది? మూడోది ఎవరూ అడుగుతలేరు. దాని లెక్క కట్టేది మనం. సరూర్‌నగర్ చెరువు 1626లో కట్టిందని చెప్తరు, ఒకప్పుడు దాని కింద కూడా పొలాలు పారినయి. ఇప్పుడు చుట్టూ ఇండ్లే. పట్నపోళ్లకు పారే చెరువు లేదు, మనకు ఉన్నది. అందుకే వాళ్ల జాలి బకెట్ మన కట్ట దాకా వస్తున్నది.

పిల్లలు అక్వేరియం కావాలంటే పెట్టుకోనీయండి, తప్పు పట్టను. ఎంత పెరుగుతదో అడిగి కొనమనండి. పట్నంలో చుట్టాలు చేపలు తెచ్చి చెరువులో వదులుతం అంటే మొహమాటపడకుండా వద్దనండి. దెయ్యం చేప వలకు పడితే తిరిగి నీళ్లలో వేయొద్దు, మత్స్య సహకార సంఘానికి, మత్స్యశాఖకు చెప్పండి. మందు కొట్టిన డబ్బాలు కాలువలో కడగొద్దు. మన పరకలు, జెల్లలు, కొర్రమట్టలు అద్దాల పెట్టెలో కాదు, ఆ కాలువల్లోనే బతకాలె.

తెల్లారి అల్లుడు దుకాణానికి ఫోన్ చేస్తే, పెద్ద తొట్టి ఉన్నాయన ఒకరు తీసుకపోతనన్నడట. నేను ఖాళీ బకెట్‌తో ఊరికి వచ్చిన. బస్సు మన మత్తడి పక్క నుంచి వస్తుంటే, నిన్న సాయంత్రం సరే అన్న నా నోటిని నేనే తిట్టుకున్న.

మీ చెరువులో ఈ చేప కనబడిందా? ఎప్పటి నుంచి కనబడుతున్నదో, కట్ట ఎట్లున్నదో కింద రాయండి.